కాపలా కుక్క కంటికి కాపలా ఎవరు?

ఫిబ్రవరి వచ్చిందంటే పల్నాడు ఎర్రబడుతుంది. నరసరావుపేట దాటి పిడుగురాళ్ల మీదుగా మాచర్ల దాకా వెళ్లి చూడండి... రోడ్డుకు అటూ ఇటూ కల్లాల నిండా ఆరబోసిన మిర్చే. ఆ ఘాటుకు బస్సులో కూర్చున్నవాళ్లు కూడా తుమ్మకుండా ఉండలేరు. ఆ ఎరుపు పక్కనే ఓ నులక మంచం, మంచం కింద ఓ కుక్క. టార్చిలైటు దిండు కింద పెట్టుకుని పడుకునేది రైతే అయినా అసలు కాపలా మాత్రం దానిదే. ఆకు కదిలితే చాలు, లేచి నిలబడుతుంది.

అదే కుక్క ఓ పొద్దున ఒక కన్ను మూసుకుని, ముఖాన్ని గోనెసంచికేసి రుద్దుకుంటూ కనిపిస్తే? 'కారం పడి ఉంటుందిలే, సాయంత్రానికి అదే తగ్గుతుంది' అనుకుని పనిలో పడిపోతాం. నిజమే, చాలాసార్లు అదే తగ్గుతుంది. తగ్గని రోజునే వస్తుంది చిక్కు. ఎందుకంటే కంట్లో పడింది కారమా, సున్నమా, ముల్లు గీసుకుందా అన్నదాన్ని బట్టి దానికి ఉన్న వ్యవధి మారిపోతుంది. ఒకదానికి పూట ఆగినా ఫర్వాలేదు. ఇంకొకదానికి అరగంట కూడా ఎక్కువే.

పల్నాటి కథల్లో కోడికి ఉన్న పేరు కుక్కకు లేదు. బ్రహ్మనాయుడు, నాగమ్మల కోడిపందెం గురించి పిల్లాణ్ని అడిగినా చెబుతాడు. కానీ ఇక్కడి పనుల్లో మనిషి వెన్నంటి తిరిగేది కుక్కే. మనం ఏ దుమ్ములో పనిచేస్తే అదీ ఆ దుమ్ములోనే పడుకుంటుంది. మనమైతే ముఖానికి తువ్వాలు చుట్టుకుంటాం. నేలకు అడుగున్నర ఎత్తులో ముక్కు, కళ్లు పెట్టుకుని తిరిగే జీవికి ఆ వీలు కూడా లేదు.

2022 ఏప్రిల్‌లో గుంటూరు జిల్లా నుంచి విడిపోయి, నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన ఈ జిల్లాలో కంట్లో పడేవాటికి కొదవలేదు. పొలాల్లో మిర్చి, పత్తి. దాచేపల్లి, పిడుగురాళ్ల, మాచర్ల వైపు సున్నపురాయి క్వారీలు, నాపరాళ్లు కోసే చోట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు, సున్నం బట్టీలు, ముగ్గురాయి మిల్లులు. గట్ల వెంబడి సర్కారు తుమ్మ. వీటన్నిటి మీదా రెంటచింతల ఎండ! వేసవిలో ఉష్ణోగ్రతల వార్త వచ్చిందంటే ఆ ఊరి పేరు వినబడాల్సిందే. వేడిగాలికి కంట్లో తడి ఆరిపోతుంది. తడి ఆరిన కంట్లో ఇసుక రేణువు ఆకురాయిలా గీస్తుంది. కుక్క నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర... కార్నియా అంటారే, దాని మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. అంతే!

కారం కన్నా గోరు ప్రమాదం

మిర్చిలో మంట పుట్టించే పదార్థం పేరు క్యాప్సైసిన్. అమెరికాలో పోస్ట్‌మ్యాన్లు మీదికొచ్చే కుక్కల్ని ఆపడానికి 1960ల నుంచి ఓ స్ప్రే వాడుతున్నారు. అందులో ఉన్నది మిర్చి సారమే. అక్కడ డబ్బు పెట్టి కొనుక్కునేది మన కల్లంలో గాలికి ఊరికే లేస్తోందన్నమాట. ఆ స్ప్రేను అంత నమ్మకంగా వాడటానికి కారణం ఉంది. క్యాప్సైసిన్ వేడిని గుర్తించే నరాన్ని మోసం చేస్తుంది. కన్ను నిజంగా కాలదు, కాలుతున్నట్టు అనిపిస్తుంది. కాసేపటికి మంట దానంతటదే తగ్గుతుంది.

మరి భయం దేనికంటారా? ఆ కాసేపట్లో కుక్క ఊరుకోదు. ముందుకాలితో కన్ను గీరుకుంటుంది. ముఖాన్ని మంచంకోడుకో, గోడకో రుద్దుతుంది. మిర్చి చేయని గాయం గోరు చేస్తుంది. కాబట్టి మొదట చేయాల్సింది గీరుకోకుండా పట్టుకోవడం. ఆ తర్వాత నీళ్లు.

అయితే నీళ్ల చెంబు అందుకునే ముందు ఇంకో పని ఉంది. మీ చేతులు చూసుకోండి! పొద్దుటి నుంచి తాలుకాయలు ఏరిన చేతులు, తొడిమలు తీసిన వేళ్లు అవే కదా. ఆ చేత్తో రెప్ప తెరిచినా, ఆ చీర కొంగుతో కన్ను తుడిచినా మంచి చేయబోయి ఇంకాస్త కారం రాసినట్టే. క్యాప్సైసిన్ నీళ్లకు సరిగ్గా కరగదు, నూనెకు, సబ్బుకు లొంగుతుంది. అందుకే సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాకే కుక్క ముఖం ముట్టుకోవాలి. కల్లంలో పనిచేయని పెద్దవాళ్లెవరైనా దగ్గరుంటే ఆ పని వాళ్లకు అప్పగించడం ఇంకా మేలు.

నూనెకు లొంగుతుంది కదా అని కంట్లో ఆముదం వేయకండి. నోరు మండితే పాలు తాగినట్టు కంట్లో పాలు పోసేవాళ్లూ ఉన్నారు. రెండూ వద్దు. పొడి రేణువుల్ని బయటికి కొట్టుకుపోయేలా చేయడమే మనకు కావాల్సింది, దానికి తాగే నీళ్లు చాలు. మెడికల్ షాపులో దొరికే నార్మల్ సెలైన్ ఉంటే మరీ మంచిది. గ్లూకోజు కలిసిన సీసా కాదు, ఉప్పునీటి సీసా అని అడిగి తీసుకోవాలి. కంటి లోపలి మూల నుంచి బయటి మూల వైపు సన్నటి ధారగా పది, పదిహేను నిమిషాలు పోయాలి. గట్టిగా చిమ్మకూడదు, దూదితో నల్లగుడ్డును తుడవకూడదు. ముఖం చుట్టూ బొచ్చులో చిక్కుకున్న కారాన్ని కూడా తడిగుడ్డతో తీసేయాలి. లేదంటే మళ్లీ కంట్లోకే దిగుతుంది.

సున్నం సంగతి వేరు

పిడుగురాళ్ల వైపు వాళ్లకు సున్నం గురించి కొత్తగా చెప్పేదేముంది! ముగ్గురాయి పొడి కంట్లో పడితే అది దుమ్ముతో సమానం. గరుకుగా ఉంటుంది, గీస్తుంది, కడిగితే పోతుంది. బట్టీలో కాల్చి తీసిన సున్నం అలా కాదు. సున్నపురాయిని 900 డిగ్రీల వేడి దాకా కాలిస్తే తయారయ్యే ఆ పొడిసున్నం, తడి తగలగానే కుతకుత ఉడుకుతుంది. సంక్రాంతికి గోడలకు వెల్ల వేసిన ప్రతి ఇంటికీ ఇది తెలుసు. ఆ ఉడుకే కంటి తడిలో జరిగితే?

వేడి ఒక్కటే కాదు. యాసిడ్ లాంటివి కంటి పైపొరను గడ్డకట్టించి, చాలావరకు అక్కడే ఆగుతాయి. సున్నం లాంటి క్షారాలు మాత్రం కణాల్లోని కొవ్వును సబ్బులా కరిగించేస్తూ లోపలికి దిగిపోతాయి. కడగడం ఆలస్యమైన కొద్దీ లోతుకు వెళుతూనే ఉంటాయి. అలా పాడైన నల్లగుడ్డు మీద తర్వాత తెల్లటి పువ్వు మిగిలిపోతుంది. చలికాలం రాత్రుళ్లు వెచ్చదనం కోసం బట్టీల పక్కన ముడుచుకు పడుకునే వీధికుక్కలకు పొంచి ఉన్న ముప్పు ఇదే.

ఇక్కడ చేయాల్సింది వేగంగా చేయాలి. ముఖం మీద పొడి కనిపిస్తుంటే ముందు పొడిగుడ్డతో దులిపేయండి. ఆ వెంటనే నీళ్లు... చుక్కలుగా కాదు, ధారగా. కొద్ది నీళ్లు పడితే సున్నం ఉడుకుతుంది, బిందెలకొద్దీ పోస్తే చల్లబడి కొట్టుకుపోతుంది. కనీసం అరగంట ఆపకూడదు. రెప్పల కింద ముద్దగా అంటుకుని ఉంటుంది కాబట్టి పైరెప్ప, కిందిరెప్ప ఎత్తి మరీ కడగాలి. సున్నానికి విరుగుడని నిమ్మరసం, వెనిగర్ పోసే ప్రయోగాలు అస్సలు వద్దు. కడగడం అయిపోయాక కన్ను బాగానే కనిపించినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. క్షారం చేసిన నష్టం మొదటి గంటలో పైకి కనిపించకపోవచ్చు. తడి సిమెంటు పడినా లెక్క ఇదే.

ఒక కన్నా, రెండు కళ్లా?

కుక్క నోరు తెరిచి చెప్పదు గానీ కన్ను చాలానే చెబుతుంది. కల్లం నుంచి వచ్చిన కుక్కకు రెండు కళ్లూ ఎర్రబడి, పల్చటి నీళ్లు కారుతూ, అయినా తెరిచి చూస్తుంటే... అది చాలావరకు దుమ్మో కారమో అయి ఉంటుంది. కడిగి, నీడలో పడుకోబెట్టి చూడవచ్చు. అలా కాకుండా ఒకే కన్ను గట్టిగా మూసుకుని తెరవనంటోందా? అది గాయం కింద లెక్క. ముల్లో, గడ్డి ఈనో, పిల్లి గోరో, ఏదో తగిలి ఉంటుంది. ఆ రోజే చూపించాలి, రేపు అనుకోవద్దు.

వెలుతురు చూడలేక మంచం కిందికో, గడ్డివామి సందులోకో దూరిపోవడం నొప్పికి గుర్తు. తిండి మానేయడం కూడా అంతే. కంటి లోపలి మూల నుంచి ఓ లేత గులాబీరంగు పొర సగం దాకా వచ్చి కన్ను తిరగబడినట్టు కనిపిస్తే కంగారు పడకండి. అది కుక్కలకు పుట్టుకతో ఉండే మూడో రెప్ప. కంటికి బాధ కలిగినప్పుడు అడ్డంగా వచ్చి కాపాడుతుంది. కాపాడుతోందంటే లోపల ఏదో ఉందనే అర్థం.

నీళ్లు పల్చగా ఉన్నంతసేపూ ఒక ధైర్యం. అవి చిక్కబడి, పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో పుసులు కట్టి రెప్పలు అతుక్కుంటుంటే ఇన్‌ఫెక్షన్ చేరినట్టు. నల్లగుడ్డు మీద పొగమంచులా నీలం తెలుపు మసక కనిపించినా, అద్దం మీద చిన్న గుంట పడినట్టు ఉన్నా, కన్ను ఉబ్బి పాప పెద్దదై వెలుతురుకు కదలకపోయినా... ఇక కబుర్లొద్దు, బయల్దేరాలి. కంట్లో ఒత్తిడి పెరిగే నీటికాసుల జబ్బు కుక్కలకూ వస్తుంది. గంటల వ్యవధిలో చూపు పోవచ్చు.

సర్కారు తుమ్మ ముల్లు గుచ్చుకుని కంట్లోనే ఉండిపోతే లాగకండి. లోతుగా దిగిన ముల్లు తీస్తే లోపలి ద్రవం బయటికి వచ్చేయవచ్చు. అలాంటి కంటిని కడగనూ కూడదు, నొక్కనూ కూడదు. ముఖం దేనికీ తగలకుండా పట్టుకుని తీసుకెళ్లడమే.

మిర్చికి, పత్తికి మందు కొట్టిన రోజు కుక్క కళ్లు నీళ్లు కారుతున్నాయంటే కంటినే చూస్తూ కూర్చోవద్దు. నోటి వెంట చొంగ, వణుకు, సూదిమొనంత కుంచించుకుపోయిన కంటిపాపలు... ఇవి కూడా ఉంటే పురుగుమందు ఒంట్లోకి వెళ్లినట్టు. ఆ మందు డబ్బాను కూడా వెంట తీసుకుని డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి.

అలమరలో ఉన్న చుక్కల మందు

ఈ వ్యాసం మొత్తంలో ఒక్క పేరానే కత్తిరించి దాచుకుంటామంటే ఇది దాచుకోండి. కిందటేడు పిల్లాడికి కళ్లకలక వచ్చినప్పుడు తెచ్చిన చుక్కల మందు సగం సీసా ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. కుక్క కన్ను ఎర్రబడగానే చెయ్యి అటే వెళుతుంది. అలాంటి చాలా మందుల్లో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్... వీటిలో ఏదో ఒకటి. పేరు చివర 'డి' అన్న అక్షరం తగిలించిన చుక్కల మందుల్లో చాలావాటిలో ఉన్నది డెక్సామెథసోనే. వేసిన పూటే ఎరుపు తగ్గుతుంది. 'చూశావా, ఎంత బాగా పనిచేసిందో' అనిపిస్తుంది. కానీ నల్లగుడ్డు మీద చిన్న గీత ఉందనుకోండి, స్టెరాయిడ్ దాన్ని మాననివ్వదు. పైగా సూక్ష్మజీవులకు తలుపు తీస్తుంది. గీత పుండవుతుంది, పుండు కరిగి గుంట అవుతుంది. నాలుగైదు రోజుల్లో కన్ను చిల్లు పడిన సందర్భాలు పశువైద్యులకు కొత్తకాదు. సీసా మూత తెరిచి నెల దాటితే అసలు ఏ మందైనా పారేయాల్సిందే, అది వేరే సంగతి.

పెద్దవాళ్లు చెప్పే వైద్యాలూ ఉన్నాయి. చనుబాలు, పసుపు నీళ్లు, తేనె... కొన్నిచోట్ల పశువుల కంట్లో పువ్వు పడితే ఉప్పో, పొగాకో నమిలి ఊసే అలవాటు కూడా ఉండేది. పాపం, ప్రేమతోనే చేస్తారు. కానీ గాయపడిన కంటిలోకి నోటి సూక్ష్మజీవుల్ని పంపడం మంచిదెలా అవుతుంది? కడగడం వరకే మన పని. మందు డాక్టరు పని.

ఆసుపత్రిలో జరిగే పరీక్ష కూడా చాలా చిన్నది. ఫ్లోరెసిన్ అనే నారింజరంగు అద్దకం పూసిన కాగితం ముక్కను తడిపి కంటికి తాకిస్తారు. జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ వాన్ బేయర్ 1871లో తయారుచేసిన రంగు ఇది. కార్నియా బాగుంటే రంగు కొట్టుకుపోతుంది. గీత ఉంటే అక్కడ అంటుకుని ఆకుపచ్చగా మెరుస్తుంది. ఆ మెరుపు ఉందా లేదా అన్నది చూశాకే స్టెరాయిడ్ వేయవచ్చో లేదో తేలుతుంది. రెండు నిమిషాల పని. 'ఆ రంగు పరీక్ష చేశారా?' అని మీరే అడగండి, తప్పేం లేదు.

దుమ్ము లేకపోయినా

అన్ని ఎర్రటి కళ్లకూ కల్లమే కారణం కాదు. టీకాలు వేయించని కుక్కపిల్లకు కళ్లలో, ముక్కులో చిక్కటి చీమిడి, జ్వరం, దగ్గు కలిసి వస్తే డిస్టెంపర్‌ను అనుమానించాలి. రెండు నెలల లోపే మొదలుపెట్టి, నాలుగు నెలలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించే టీకాలతో దీన్ని ఆపవచ్చు. గోమార్లు... కొందరు పిడుదులంటారు, అవి పట్టిన కుక్కకు రక్తంలో ఎర్లికియా అనే జబ్బు చేరితే కళ్లు ఎర్రబడతాయి, లోపల రక్తపు చారలు కూడా రావచ్చు. అప్పుడు కంటి మందు ఒక్కటీ సరిపోదు, రక్తపరీక్ష చేయించాలి.

ఇక పగ్‌లు. 2003లో హచ్ ప్రకటనలో ఓ పిల్లాడి వెంట ఆ బుల్లి కుక్క పరుగెత్తినప్పటి నుంచి మన పట్టణాల్లోనూ దానికి గిరాకీ పెరిగింది. ఫోన్ కంపెనీ పేరు మారింది గానీ పగ్ మోజు పోలేదు. ముక్కు చప్పిడి, కళ్లేమో బయటికి పొడుచుకొచ్చినట్టు ఉంటాయి. రెప్పలు పూర్తిగా మూతపడవు. ముక్కు మీది ముడతల్లో వెంట్రుకలు నల్లగుడ్డును రుద్దుతూనే ఉంటాయి. రెంటచింతల ఎండకు, మాచర్ల రాతిదుమ్ముకు తగిన జీవి కాదది. ముద్దుగా ఉందని తెచ్చుకుంటే రోజూ ఆ ముడతలు తుడిచే ఓపిక కూడా తెచ్చుకోవాలి. మన ఊరకుక్క పొడవాటి మూతి, లోపలికున్న కళ్లు ఈ నేలకు ఎంత సరిపోయాయో అప్పుడు తెలుస్తుంది!

కంట్లో నీళ్లు ఊరడం తగ్గిపోయే జబ్బూ పగ్‌లలో ఎక్కువే. జిగురులాంటి పుసులు రోజూ కడుతుంటే, కన్ను మెరుపు తగ్గితే అదే కావచ్చు. చిన్న కాగితపు పట్టీని రెప్ప కింద నిమిషం పాటు ఉంచి, 15 మిల్లీమీటర్ల దాకా తడిసిందో లేదో చూస్తారు. దీనికి వాడే సైక్లోస్పోరిన్ కథ తమాషాగా ఉంటుంది. కంటి మందుగా 1990ల్లో ముందు కుక్కలకే వచ్చింది. అమెరికాలో మనుషుల పొడి కళ్లకు అనుమతి దొరికింది 2002లో!

పట్టుకోవడం ఒక విద్య

నొప్పితో ఉన్న కుక్క అన్నం పెట్టిన చేతినైనా కరుస్తుంది. ఒకరు వెనక నుంచి ఒళ్లో పొదువుకుని గడ్డం పైకెత్తి పట్టుకుంటే, ఇంకొకరు పక్క నుంచి నీళ్లు పోయాలి. ఎదురుగా నిలబడి ముఖం మీదికి వంగకూడదు. అవసరమైతే మెత్తటి గుడ్డపీలికతో మూతిని వదులుగా కట్టవచ్చు. ఎండకు రొప్పుతున్న కుక్కకు మాత్రం కట్టకండి, చప్పిడి ముక్కు వాటికి అసలే వద్దు. నోరు తెరిచి రొప్పడమే వాటికి చెమట పట్టడం లాంటిది. ముక్కూ మొహం తెలియని వీధికుక్క వింతగా ప్రవర్తిస్తుంటే చేయి వేయొద్దు, రేబిస్ భయం ఉంటుంది. కరిస్తే ఆ గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి, టీకా కోసం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మొదట దగ్గర్లోని ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. పశువుల అంబులెన్సు కోసం ఏర్పాటైన 1962 నంబరు ఉంది గానీ అది ముఖ్యంగా పాడి పశువుల్ని దృష్టిలో పెట్టుకున్నది. కంటికి ఆపరేషన్ లాంటిది అవసరమైతే గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల దాకా వెళ్లాల్సి రావచ్చు. నరసరావుపేట నుంచే సుమారు వంద కిలోమీటర్లు. మాచర్ల నుంచైతే ఇంకా దూరం. అంత దూరం ఉంది కాబట్టే మొదటి అరగంటలో మన చెంబు నీళ్లకు అంత విలువ.

డాక్టరు మెడకు ప్లాస్టిక్ గరాటు లాంటి పట్టీ వేసి పంపిస్తే ఇంటికి రాగానే జాలిపడి తీసేయకండి. కాలు కంటి దాకా వెళ్లకుండా ఆపేది అదొక్కటే. మొదటి రెండు రోజులు తలుపులకు, మంచంకోళ్లకు కొట్టుకుంటూ తిరుగుతుంది. అన్నం గిన్నెను ఇటుక మీద పెట్టి ఎత్తు చేస్తే తినగలుగుతుంది. నీళ్ల గిన్నె వెడల్పు తగ్గించాలి. మందు వేసే వేళకు బెల్లం ముక్కలు, స్వీట్లు కాకుండా ఓ ఉడికించిన కోడిముక్క చేతిలో ఉంచుకోండి. మూడో రోజుకల్లా సీసా చూడగానే అదే వచ్చి కూర్చుంటుంది. పుండు మానిందో లేదో మళ్లీ ఆ ఆకుపచ్చ రంగు పరీక్షతో తేల్చి, డాక్టరు చెప్పేదాకా కల్లం వైపు మాత్రం పంపకండి. ఆ నాలుగు రాత్రులూ టార్చిలైటు మీరే కాస్త ఎక్కువసార్లు వేసుకోవాలి మరి!